పెట్టని చెయ్యి

మాది పెట్టే చెయ్యి. గుమ్మం ముందు ముగ్గు వేస్తే ఆ పిండి చీమల వంతు. అన్నం వార్చగానే గోడ మీద పెట్టిన ముద్ద కాకి వంతు. ఆవుకి కుడితి, వీధి కుక్కకి రొట్టె, గడపలోకి వచ్చినవాళ్ళకి చేటెడు బియ్యం. ఇంటికొచ్చిన మనిషి చాలు చాలంటుంటే కంచంలో ఇంకో గరిటె. మా అత్తమ్మ బతికున్నన్నాళ్ళూ హైదరాబాద్ దగ్గరి మోకిలలో మా ఇంటి ముందు నుంచి ఎవరూ ఉత్త కడుపుతో పోలేదు. ప్రేమంటే పెట్టడమే అని ఆమె దగ్గర నేర్చుకున్నాను, అది తప్పని ఇప్పటికీ అనను. అయితే ఆ చేతిని ఆపుకోవడం కూడా ప్రేమేనని తెలియడానికి నాకు ఒక పరాయి దేశపు అడవి కావలసి వచ్చింది.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో విసాలియా అనే పట్నంలో ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఉండేది మాత్రం అక్కణ్ణుంచి తూర్పుగా, కొండల మొదట్లో ఉన్న త్రీ రివర్స్ అనే చిన్న ఊళ్లో. సియెర్రా నెవాడా కొండల మీద మంచు కరిగి కవియా నది పాయలు పాయలుగా దిగివచ్చి కలిసేది ఆ చుట్టుపక్కలే. ఊరు దాటితే సెకోయా నేషనల్ పార్కు గేటు. నది నిండుగా ఉరుకుతున్న వసంతంలో వెళ్ళాను, నీళ్ళు తగ్గి బండలు తేలి, ఓక్ చెట్ల ఆకు రాలేదాకా ఉన్నాను. మొదట్లో అందరిలాగే ఫోటోలు తీసి చెల్లెళ్ళకు పంపాను. కొన్ని వారాలకి పంపడానికి కొత్తవేమీ మిగల్లేదు. అదే నది, అదే బండ, అవే చెట్లు. అసలు చూడడం అప్పుడు మొదలైంది. అడవిని చూసి వచ్చేవాళ్ళకి అడవి తన ముస్తాబు చూపిస్తుంది. అక్కడే ఉండిపోయేవాళ్ళకి తన పనిపాటలు చూపిస్తుంది.

వెళ్ళిన రోజే అమ్మాయి పెట్టిన మొదటి షరతు ఇది: "అమ్మా, చెత్త సంచి బయట పెట్టకు. కార్ల చాక్లెట్ కాగితం కూడా ఉంచొద్దు. ఎలుగుబంటి వస్తది." పార్కులో గుడారాలు వేసుకునే చోటల్లా బరువైన ఇనుప పెట్టెలు పాతి ఉంటాయి. తినేవే కాదు, సబ్బు, టూత్‌పేస్టు, చంటిపిల్లల పౌడరు, వాసన వచ్చేది ఏదైనా సరే అందులో పెట్టి గొళ్ళెం వేయాలి. మనిషి వేళ్ళు దూరి తీయగలవు, ఎలుగు పంజా దూరలేదు, అలా చేశారు ఆ గొళ్ళాన్ని. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ గడ్డి, దుంపలు, చీమలు, ఓక్ కాయలు వెతుక్కునే పనికి మనసుపెట్టదు. గుడారాలు చింపుతుంది, కారు తలుపులు ఊడబెరుకుతుంది. చివరికి ఎవరి ప్రాణానికో ముప్పని పార్కు వాళ్ళే దాన్ని చంపాల్సి వస్తుంది. ఒకప్పుడు ఆ పార్కులోనే బేర్ హిల్ అని ఒక చోటు ఉండేదట. హోటళ్ళ ఎంగిలి అక్కడ పోస్తే ఎలుగులు వచ్చి తినేవి, జనం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. అదొక వేడుక. తర్వాత బుద్ధి తెచ్చుకుని ఆపేశారు. అంటే అక్కడ ఒక రొట్టె ముక్క విసరడం ఆ జంతువుకి మరణశాసనం రాయడమే. పెడితే పుణ్యమని పెరిగినదాన్ని, ఈ లెక్క ఒంటికి పట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఒక తెల్లవారుజామున వంటింటి అద్దంలోంచి చూశాను. నల్ల ఎలుగు ఒకటి ఇంటి వెనక పడి ఉన్న పుచ్చిన దుంగని ముందుకాళ్ళతో ఒడుపుగా తిరగేసింది. విరగ్గొట్టలేదు, తిరగేసింది. కింద తడిమట్టిలో తెల్ల పురుగుల్ని ఒక్కొక్కటే నాలుకతో తీసుకుంది. మళ్ళీ వాసన చూసింది, ఇంకో జానెడు జరిపింది. ఎంత తీరిక, ఎంత శ్రద్ధ! నేను పొయ్యి మీద రొట్టె కాలుస్తున్నాను. పెట్టాలని చెయ్యి గుంజింది. అయినా అద్దం ఇవతలే నిలబడ్డాను. ఆ ప్రాణి తన అన్నం తను సంపాదించుకుంటుంటే చూడడంలో ఒక గౌరవం ఉంది, దానికీ, నాకూ. పెట్టి ఉంటే ఆ గౌరవం ఇద్దరికీ దక్కేది కాదు.

ఇంటి వెనకే ఒక ఎండిన ఓక్ మాను ఉండేది. దాని మీద ఎర్రటోపీ పెట్టుకున్న వడ్రంగిపిట్టల కాపురం, అక్కడ ఏకార్న్ వుడ్‌పెకర్ అంటారు. మాను మొదట్నుంచి చిటారు దాకా రంధ్రాలే, ప్రతి రంధ్రంలోనూ ఒక ఓక్ కాయ, వేలితో లాగితే రానంత బిగువుగా. ఇవి ఒంటరిగా బతికే పిట్టలు కావు. తల్లీతండ్రీ, బాబాయిలు, అక్కలు, అన్నలు అందరూ ఒకే కొట్టాన్ని నింపుతారు, అందరూ కలిసే పిల్లల్ని సాకుతారు. అసలు పని కాయలు నింపాక మొదలవుతుంది. కాయ ఎండేకొద్దీ కుంచించుకుపోయి రంధ్రంలో వదులవుతుంది. వదులైన కాయని ఉడతో, నీలిపిట్టో ఎత్తుకుపోతుంది. అందుకని ఈ పిట్టలు మాను చుట్టూ తిరుగుతూ కాయల్ని ముక్కుతో తట్టి చూస్తాయి. వదులుగా ఉన్నదాన్ని తీసి, దానికి సరిపోయే చిన్న రంధ్రం వెతికి, అందులో దిగ్గొడతాయి. మళ్ళీ ఇంకో కాయ. ఆ మాను మీద రంధ్రాలు ఒక తరంలో తొలిచినవి కావు, తాతముత్తాతల నాటివి. మధ్యాహ్నాలు కుర్చీ వేసుకుని వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. నా సాయం అక్కర్లేని ఇంత పెద్ద సంసారం నా కళ్ళముందు నడుస్తోందన్న సంగతి మొదట్లో చిన్నతనంగా అనిపించింది, తర్వాత్తర్వాత గొప్ప విశ్రాంతిగా ఉండేది.

ఆ కాయలనే తిని బతికిన మనుషులూ ఉన్నారు. కొండదారిలో హాస్పిటల్ రాక్ అనే చోట పెద్ద రాతిపలక మీద గుంటలు ఉంటాయి, మా ఊరి బండ మీద వడ్లు దంచిన రోళ్ళలాగే నున్నగా, లోతుగా. మోనో తెగ ఆడవాళ్ళు అక్కడ కూర్చుని ఓక్ కాయలు దంచి, ఆ పిండిలోని చేదు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడిగి అంబలి కాచేవాళ్ళు. ఒక గుంటలో చెయ్యి పెట్టి చూశాను. మోచేతి వంపు ఎక్కడ ఆనుతుందో అక్కడే రాయి కూడా అరిగి ఉంది. 1860లలో తెల్లవాళ్ళతో పాటు వచ్చిన తట్టు వంటి జబ్బులు ఆ పల్లెల్ని ఖాళీ చేశాయి. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ అడవి కింది పొదలకి ఏడాదికింత నిప్పు పెట్టుకునేవాళ్ళు. చిన్న నిప్పు, మనిషి అదుపులో ఉండే నిప్పు. వాళ్ళు పోయాక ఆ నిప్పూ పోయింది. దాని ఫలితం ఏమిటో కొండ పైకి వెళ్తే తెలుస్తుంది.

కొండ మీద ఆరువేల అడుగులు దాటాక జెయింట్ ఫారెస్ట్. అక్కడ సెకోయా చెట్లు. జనరల్ షెర్మన్ అనే చెట్టు ఎత్తు 275 అడుగులు, మొదలు చుట్టుకొలత నూరడుగుల పైమాట, వయసు రెండువేల ఏళ్ళకు పైనే అని అంచనా. మాను ఘనపరిమాణంలో భూమ్మీద దాన్ని మించిన చెట్టు లేదు. 1880లలో కవియా కాలనీ అని ఒక సోషలిస్టు గుంపు ఇక్కడికి వచ్చి, సొంత ఆస్తి లేని ఊరు కట్టుకోవాలని చూసి, ఇదే చెట్టుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టుకుంది. 1890లో ప్రభుత్వం పార్కు చేసేసరికి వాళ్ళ కల చెదిరింది. ఆ చెట్టు ఏ పేరుకీ పలకదు, అది వేరే మాట.

ఈ చెట్ల బెరడు కొన్నిచోట్ల రెండడుగుల మందం. వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది, నిప్పు మాత్రం అంత తేలిగ్గా దిగదు. ఇంతటి మహావృక్షానికి కాసే కాయ కోడిగుడ్డంత, అందులో రెండు వందల దాకా గింజలు, ఒక్కో గింజ ఓట్స్ అటుకంత. ఆ కాయ పండి రాలదు. పచ్చిగానే, మూసుకునే, ఇరవై ఏళ్ళయినా కొమ్మకి పట్టుకుని ఉంటుంది. కింద మంట లేచి ఆ వేడి పైకి తగిలినప్పుడు కాయ ఎండి విచ్చుకుని గింజలు రాలుస్తుంది. ఆ గింజకి ఆకులూ చెత్తా లేని ఉత్త మట్టి కావాలి, పైన ఎండ పడాలి. రెండూ ఇచ్చేది నిప్పే. ఈ సంగతి తెలియని కాలంలో పార్కు వాళ్ళు చెట్ల మీద ప్రేమతోనే కనిపించిన ప్రతి నిప్పునీ ఆర్పారు. దశాబ్దాల పాటు ఆర్పారు. చెట్లు పచ్చగానే ఉన్నాయి, వాటి కింద ఒక్క పిల్లచెట్టు లేదు. 1960లలో రిచర్డ్ హార్టెస్‌వెల్ట్ వంటి శాస్త్రవేత్తలు ఇది గమనించి, ఈ అడవికి నిప్పు కావాలని చెప్పారు. ఆ దశాబ్దం చివర్లో పార్కే అదుపులో నిప్పు పెట్టడం మొదలుపెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. ఆర్పుతూ వచ్చిన ఏళ్ళలో పేరుకున్న పొదలూ, ఎండు కట్టెలూ, దాని మీద కరువూ, పెరిగిన వేడీ. 2020, 2021 సంవత్సరాల మంటల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం చచ్చిపోయాయని పార్కు లెక్క. వెయ్యేళ్ళ మంటల్ని తట్టుకున్న చెట్లు రెండు వేసవుల్లో మసైపోయాయి. 2021 సెప్టెంబరులో షెర్మన్ మొదలు చుట్టూ మంట అంటని వెండిరంగు పట్టా చుట్టి కాపాడుకున్నారు. ఆ పట్టా చుట్టిన చేతులకి దండం పెడతాను. కానీ అంతదాకా తెచ్చింది కూడా కాపాడాలన్న చెయ్యే.

నల్లగా కాలిన మొండేల మధ్య నడుస్తుంటే, ఒకచోట నా చిటికెన వేలంత మొక్కలు బూడిదలోంచి లేచి ఉన్నాయి. గుంపులు గుంపులుగా, లేత నీలిపచ్చగా. దారి దిగి వాటి దగ్గరికి వెళ్ళకూడదని బోర్డు. దారి అంచున మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. మా అమ్మాయి గుర్తొచ్చింది. అమ్మాయి రాత్రి డ్యూటీకి ఆ వంకర దారుల్లో ఒక్కతే కారు నడుపుకుంటూ పోయే మనిషి, సెలవొస్తే భుజాన సంచి వేసుకుని కొండలెక్కే మనిషి. ఆ వేసవిలో నేను తనకి మాటిమాటికీ ఫోన్ చేయడం తగ్గించాను. కంచంలో అదనపు గరిటె వేయడం కూడా. ఒక రోజు తనే అడిగింది, "ఏమ్మా, కోపమొచ్చిందా?" "కోపమెందుకు బిడ్డా, నీకు కావల్సినంత నువ్వు తింటవని నాకు తెలిసింది" అన్నాను. చాలాసేపు నవ్వింది. ఆ మాట మీద మేమిద్దరం ఆ రాత్రి మాట్లాడుకున్నన్ని కబుర్లు అంతకు ముందు పదేళ్ళలో మాట్లాడుకోలేదు.

ఆ అడవిలో ఒంటరిగా ఉన్న తెలుగుబిడ్డ మరొకరు నాకు తరచుగా గుర్తొచ్చేవారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1922లో క్షయ సోకిన తమ్ముడు నిత్యని వెంటబెట్టుకుని, పొడి గాలి మేలు చేస్తుందని కాలిఫోర్నియాలోని ఓహై లోయకు వెళ్ళారు. ఒక చిన్న చెక్క ఇల్లు, దాని ముందు పెప్పర్ ట్రీ అనే చెట్టు. ఆ చెట్టు కింద కూర్చున్న ఆగస్టు రోజులు ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయని ఆయన చరిత్ర రాసినవాళ్ళందరూ చెబుతారు. 1925 నవంబరులో తమ్ముడు పోయాడు. కంటికి కనిపించని గురువులు కాపాడతారని చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చిన మాటలన్నీ ఆ చావుతో పోయాయి. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తనని జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థని వేలమంది అనుచరుల ముందే ఆయన రద్దు చేశారు. కోటతో సహా కానుకగా వచ్చిన భూములు ఇచ్చినవాళ్ళకే తిరిగి వెళ్ళాయి. అప్పటికి ఆయన వయసు 34. రెండో ప్రపంచ యుద్ధం నడిచిన ఏళ్ళలో బహిరంగ ఉపన్యాసాలు మాని ఓహైలో కూరగాయలు పండించారు, ఆవు పాలు పితికారు, తేనెటీగల్ని పెంచారు. ఆ కాలంలోనే సెకోయా పార్కులో దుంగలతో కట్టిన ఒక గదిలో తనే వండుకుంటూ, రోజూ మైళ్ళకొద్దీ నడుస్తూ ఒంటరిగా గడిపారు. ఇండియాకి తిరిగి వచ్చింది 1947లో.

ఆయన తత్వం మీద నాకు పాండిత్యం లేదు. కానీ ఒక మనిషి తన చేతికి వచ్చిన సామ్రాజ్యాన్ని వదిలేసి, ఆవు పొదుగు పట్టుకోవడం నాకు అర్థమవుతుంది. పొదుగుని పిండి పిండి పితికితే ఆవు చేపదు. పల్లెలో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు.

తిరిగొచ్చి మోకిలలో దిగేసరికి పలకరింపు మారలేదు. "ఎప్పుడొచ్చినవ్ పిన్నీ?" తర్వాతి మాట, "మీ వైపు గజం ఎంత నడుస్తున్నది?" 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో మోకిలలో కొన్ని ప్లాట్లు గజం లక్ష దాటినప్పటి నుంచీ ఈ ఊళ్లో నేలకి ఇంకో కొలత లేకుండా పోయింది. జొన్న పండిన నేల, టమాట పండిన నేల, చేమంతి పూసిన నేల. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి రైతులు తెచ్చే పూలతోనే కదా నగరంలో బతుకమ్మ పండగ గడిచేది. నేలని అమ్ముకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. ఆడపిల్ల పెళ్ళికీ, అప్పులకీ అమ్ముకున్నారు, చాలామంది ఏడ్చుకుంటూ అమ్ముకున్నారు. నన్ను బాధపెట్టేది వేరొకటి. ధర కట్టలేని నేల మధ్య చాలాకాలం ఉండి వచ్చాక, ధర కట్టినప్పుడు మనం ఆ నేలని చూడడం ఎలా మానేస్తామో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మా ఇంటి వెనక ప్లాటులో రెండు వర్షాకాలాలు ఏమీ కట్టకుండా వదిలేశారు. తంగేడు లేచింది, గునుగు లేచింది, వాటి వెంట సీతాకోకచిలుకలు వచ్చాయి. అందరికీ అది 'ఖాళీ' స్థలం.

చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల సంగతి తెలియని వాళ్ళు ఈ వైపున లేరు. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ళల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారి. దాని అంచులన దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు, నిజాం కాలంలో నీడ కోసం నాటినవని పెద్దలు చెబుతారు. రోడ్డు వెడల్పు చేయాలంటే వీటిని కొట్టాలి, లేదా పెకలించి వేరేచోట నాటాలి అన్నప్పుడు పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఏళ్ళు గడిచాయి. ఈలోపు 2025 నవంబరు 3 ఉదయం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కంకర బస్సు మీద పడి 19 మంది చనిపోయారు. పొద్దున్నే నగరానికి పోయే జనం, చదువుకునే పిల్లలు. ఆ వార్త విన్న రోజు మా వాడలో పొయ్యి వెలిగించిన ఇళ్ళు తక్కువ.

కాబట్టి చెట్ల కోసం రోడ్డు ఆపండి అనే మాట నా నోట రాదు. రోడ్డు కావాలి, త్వరగా కావాలి. పెకలించి నాటడం మాత్రం నాకు సమ్మతం కాదు. మర్రికి బలం దాని ఊడల్లో, కంటికి కనిపించనంత దూరం పాకిన వేళ్ళలో ఉంటుంది. వాటిని నరికి, కొమ్మలన్నీ చెక్కి, క్రేనుకి కట్టి లారీ ఎక్కించి, ఇంకోచోట పాతి రక్షించామనుకోవడం మన తృప్తికే. పాత దారిని ఒకవైపు వాహనాలకి వదిలి, పక్కనే పొలాల వైపు కొత్త దారి వేస్తే, మధ్యలో చెట్లు ఉన్నచోటే ఉంటాయి. వీలున్న ప్రతిచోటా అలా చేయాలి, వీలులేని మలుపుల్లో మనిషి ప్రాణమే ముందు. చెట్టుకి మనం చేయగలిగిన పెద్ద ఉపకారం దాని చుట్టూ కాస్త జాగా వదలడం.

చెయ్యి వేయాల్సిన రోజులూ వస్తాయి, కాదనను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో కొమ్మలకి సెలైన్ సీసాలు వేలాడగట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, వాలిన కొమ్మలకి ఊతాలు కట్టారు. షెర్మన్‌కి పట్టా చుట్టినట్టే ఇదీ సరైన పని. అయితే అంతకంటే ముందే సందర్శకుల్ని లోపలికి రానివ్వడం ఆపారు. వందల ఏళ్ళ చెట్టు మీద కూర్చుని, ఊగి, పేర్లు చెక్కిన ప్రేమ నుంచి దానికి ముందుగా సెలవిచ్చారు. మందుతో పాటు ఆ విశ్రాంతి కూడా పనిచేసిందని నా నమ్మకం.

ఇలా చూడడం నేర్చుకోవడానికి అమెరికాకి పోనక్కర్లేదు. మొయినాబాద్ దారిలోనే చిలుకూరు పక్కన మృగవని ఉంది, వికారాబాద్ వైపు పోతే మూసీ పుట్టిన అనంతగిరి ఉంది. ఒకే చోటికి నెల నెలా పోతే చాలు. అనంతగిరి దారిలో కార్లు ఆపి కోతులకి అరటిపళ్ళు, చిప్స్ పంచేవాళ్ళు చాలామంది, మంచి మనసుతోనే. నేను పోయినప్పుడల్లా ఒకరితోనైనా మాట్లాడతాను. పండు కోసం రోడ్డు మీదికి ఉరికిన కోతి వెనక చక్రాల కింద పడుతుందనీ, అడవిలో మేడి, రేగు, సీతాఫలం ఉన్నాయనీ చెబుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు సంచి మూసి కారెక్కుతారు.

మర్రిపళ్ళు ఎర్రబడే రోజుల్లో చేవెళ్ళ రోడ్డు మీద ఏ చెట్టు కిందికైనా సూర్యోదయం వేళకి వెళ్ళండి. చిలకలు, గోరింకలు, కోకిలలు, టంకు టంకుమనే కంసాలి పిట్టలు, అన్నీ ఒకే చెట్టు మీద కనిపిస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. గింజలు, బియ్యం ఏమీ తీసుకెళ్ళొద్దు. బండి మాత్రం రోడ్డు అంచున ఆపకండి, టిప్పర్లు వస్తుంటాయి. పక్కన పొలంబాట దొరికేదాకా ముందుకు పోయి, అక్కడ పెట్టి, నడిచి రండి.